చర్చ: ఇంటర్ తర్వాత చిన్నపిల్లల టీచర్ చదువు, హైదరాబాద్‌లో ఎక్కడ, ఎలా అప్లై చేయాలి?

ఎల్బీనగర్_అక్క
అందరికీ నమస్తే. మా చెల్లి ఇంటర్ బైపీసీ పాసైంది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఇంట్లో ఒకరు నర్సింగ్ అంటారు ఒకరు బీఎస్సీ అంటారు, తనేమో చిన్నపిల్లల టీచర్ అవుతా అంటుంది. హైస్కూల్ టీచర్ కాదు, మూడేళ్లు నాలుగేళ్ల పిల్లలకి చెప్పే టీచర్. దానికి డిగ్రీ ఉంటుందా, బీఈడీ చేస్తే సరిపోతుందా, దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) వస్తుందా వేరే ఎంట్రన్స్ ఉంటుందా ఏం అర్థం కావట్లేదు. ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్‌లో అడిగితే ఒక్కో కన్సల్టెన్సీ వాళ్లు ఒక్కో మాట చెప్తున్నారు. చదివిన వాళ్లు, చదువుతున్న వాళ్లు ఉంటే ప్లీజ్ చెప్పండి.

డైట్_బ్యాచ్
అక్కా ముందు చెల్లిని ఒక్కటే అడుగు, ఏ వయసు పిల్లలు, ఏ స్కూల్లో అని. ఎందుకంటే మన దగ్గర కోర్సు పేరు కాదు, ఆ సర్టిఫికెట్‌తో ఏ పోస్టుకి అర్హత వస్తుందో అదే ముఖ్యం. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి వరకు గవర్నమెంట్ టీచర్ అంటే ఎస్జీటీ, దానికి డీఎల్‌ఈడీ అనే టీచర్ ట్రైనింగ్ డిప్లొమా కావాలి, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పేపర్ 1 రాయాలి, తర్వాత డీఎస్సీ (పోస్టుల భర్తీ పరీక్ష). బీఈడీ చేస్తే ఎస్జీటీ రాదు, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా, ప్రైమరీకి బీఈడీ అర్హత కాదని. ఆ తీర్పు తెలియకుండా ఇప్పటికీ చాలామంది ముందు డిగ్రీ తర్వాత బీఈడీ అని ప్లాన్ చేసుకుంటున్నరు, చిన్నపిల్లల కోసమైతే అది తిరిగి తిరిగి వేరే ఊరికి పోయే దారి.

ఒకటో తరగతి కంటే ముందు, అంటే నర్సరీ ఎల్‌కేజీ యూకేజీ, దానికి డీపీఎస్‌ఈ అని రెండేళ్ల డిప్లొమా ఉంది. డీఎల్‌ఈడీకి, డీపీఎస్‌ఈకి రెండిటికీ ఎంట్రన్స్ ఒకటే, డీఈఈసెట్. 100 మార్కుల పేపర్, ఇంటర్‌లో 50 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీ వాళ్లకి 45. మాది నేరేడ్‌మెట్ డైట్ (గవర్నమెంట్ టీచర్ ట్రైనింగ్ కాలేజీ), అక్కడ ఫీజు భారం తక్కువ, మా బ్యాచ్‌లో ఊళ్ల నుంచి వచ్చినోళ్లే ఎక్కువ.

కానీ నువ్వు డిగ్రీ అన్నవ్ కాబట్టి చెప్తున్న, ఇవి రెండూ డిప్లొమాలు, డిగ్రీ కాదు.

ఎల్బీనగర్_అక్క
థాంక్యూ అన్నా. మరి డిగ్రీ అంటే ఏదీ లేదా? నాన్న డిగ్రీ ఉండాల్సిందే అంటున్నారు.

ఉప్పల్_నాన్న
ఉందమ్మా, ఐటెప్ అంటారు, నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ టీచర్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్. డిగ్రీ, బీఈడీ రెండూ కలిపి నాలుగేళ్లలో అయిపోతాయి, విడివిడిగా చేస్తే మూడు ప్లస్ రెండు ఐదేళ్లు కదా, ఒక ఏడాది మిగులుతుంది. 2020 విద్యా విధానంలో 2030 కల్లా టీచర్‌కి కనీస అర్హత ఇలాంటి నాలుగేళ్ల డిగ్రీయే అవ్వాలని రాశారు. ఇందులో ఫౌండేషనల్, ప్రిపరేటరీ, మిడిల్, సెకండరీ అని స్టేజీలు ఉంటాయి. ఫౌండేషనల్ అంటే మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు, మీ చెల్లి అనేది అదే.

మా అమ్మాయి కోసం ఇదంతా తిరిగాను కాబట్టి రెండు విషయాలు గట్టిగా చెప్తాను. ఒకటి, దీనికి ఎన్‌సెట్ అని ఎన్‌టీఏ (నీట్ పెట్టే కేంద్ర సంస్థే) పెట్టే పరీక్ష రాయాలి, తెలుగులో కూడా రాయొచ్చు. కానీ అప్లికేషన్లు ఇంటర్ పరీక్షలు జరుగుతున్న రోజుల్లోనే వచ్చేస్తాయి, 2025లో పరీక్ష ఏప్రిల్ 29న పెట్టారు, అప్లై చేసే గడువు అంతకంటే చాలా ముందే అయిపోయింది. ఇంటర్ రిజల్ట్ చూసుకుని అప్పుడు ఆలోచిద్దాం అనుకునే పిల్లలందరికీ తలుపు మూసుకుపోయినట్టే. సెకండ్ ఇయర్‌లో సంక్రాంతి అయిన దగ్గర నుంచి ఎన్‌టీఏ సైట్ చూస్తూ ఉండాలి. కాలేజీల్లో ఎంసెట్ నీట్ గురించి చెప్పినంతగా దీని గురించి పిల్లలకి ఎవరూ చెప్పరు, చాలా బాధేస్తుంది.

రెండోది, స్కోర్ వచ్చాక సీటు దానంతటదే రాదు. ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీలో మళ్లీ అప్లై చేయాలి, కౌన్సెలింగ్ కూడా వాళ్లదే. ఏ సంస్థలో ఏ స్టేజీ ఉందో లిస్ట్ చూసుకుని మరీ పెట్టాలి. వరంగల్ నిట్‌లో ఉన్నది బీఎస్సీ బీఈడీ, అది పెద్ద తరగతుల వాళ్లకి చెప్పే సైన్స్ లెక్కల టీచర్ల కోసం. గచ్చిబౌలి మనూలో (ఉర్దూ యూనివర్సిటీ) కూడా ఐటెప్ ఉంది, కాకపోతే అక్కడ చేరాలంటే ఉర్దూ మీడియంలోనో ఉర్దూ ఒక సబ్జెక్టుగానో చదివి ఉండాలి. మా అమ్మాయికి ఉర్దూ లేదు కాబట్టి అది పక్కన పెట్టేశాం. ఫౌండేషనల్ కావాలంటే బయటి రాష్ట్రాలకి కూడా పంపడానికి సిద్ధపడాలి, అది ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

సైఫాబాద్_హాస్టల్
బైపీసీ అన్నారు కదా, మా కాలేజీ గురించి ఎవరూ చెప్పలేదేంటి! సైఫాబాద్‌లో కమ్యూనిటీ సైన్స్ కాలేజీ, పాతవాళ్లకి హోమ్ సైన్స్ కాలేజీ అంటే తెలుస్తుంది, జయశంకర్ వ్యవసాయ యూనివర్సిటీ కింద ఉంటుంది. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ కమ్యూనిటీ సైన్స్. బైపీసీ వాళ్లకి ఎంసెట్ ర్యాంక్ మీద సీటు (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, మాకు ఎంసెట్ అనే అలవాటు), కానీ యూనివర్సిటీ నోటిఫికేషన్ వేరుగా వస్తుంది, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో వెతికితే దొరకదు. పేపర్లో ప్రకటన చూసి యూనివర్సిటీ సైట్‌లోనే అప్లై చేయాలి.

ఇందులో న్యూట్రిషన్, బట్టలు, ఎక్స్‌టెన్షన్ అన్నీ చదవాలి, అన్నిటికంటే నాకు నచ్చింది హ్యూమన్ డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్. వాళ్ల దగ్గర ల్యాబ్ నర్సరీ స్కూల్ ఉంటుంది, నిజమైన పిల్లలు వస్తారు, మనం ఒక మూల కూర్చుని ఒక పిల్లని గమనిస్తూ ఏం చేసింది ఏం మాట్లాడింది ఎవరితో ఆడింది మన అభిప్రాయం కలపకుండా రాయాలి. "పాప అల్లరి చేసింది" అని రాస్తే మేడమ్ కొట్టేసేవారు, అల్లరి అంటే ఏంటి, పాప ఏం చేసిందో అది రాయి అనేవారు. పాప బ్లాక్స్ తోసేసింది, పక్క బాబు ఏడ్చాడు, పాప వెళ్లి బాబు మొహం చూసింది, ఇలా రాయాలి. అలా రాసీ రాసీ పిల్లల్ని చూసే చూపే మారిపోతుంది, ఇంట్లో మా అన్న కొడుకుని చూసినా ఇప్పుడు నాకు వేరేగా కనిపిస్తాడు.

అయితే సూటిగా చెప్పాలి, ఇది టీచర్ ట్రైనింగ్ డిగ్రీ కాదు, దీనితో ఎస్జీటీ రాదు. ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే పథకం) వైపు బాగా పనికొస్తుంది, 2022లో వచ్చిన గ్రేడ్ 1 సూపర్‌వైజర్ నోటిఫికేషన్‌లో అర్హతల్లో హోమ్ సైన్స్ డిగ్రీ ఉంది. సూపర్‌వైజర్ అంటే కొన్ని అంగన్‌వాడీలు మన చేతి కింద ఉంటాయి, అక్కడ పిల్లలకి ప్రీస్కూల్ ఎలా నడుస్తుందో చూసేది మనమే. స్కూల్లో ఒక్క క్లాసు చూసుకోవడమే ఇష్టమా, ఇలాంటిదీ పర్లేదా అని చెల్లిని అడగండి.

బోడుప్పల్_టీచర్
నేను ప్రైవేట్ ప్లేస్కూల్లో చేస్తున్న. ఎవరూ చెప్పని విషయం ఒకటి చెప్తా, అందరూ చదవండి. ఆరు నెలల ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్), ఏడాది మాంటిస్సోరి అని బోర్డులు పెట్టి గవర్నమెంట్ గుర్తింపు ఉంది అని చెప్పే ఇన్‌స్టిట్యూట్లు మన దగ్గర గల్లీకొకటి ఉన్నాయి. నేను చేరినప్పుడు కూడా గట్లనే చెప్పిన్రు, ఫీజు మొత్తం ముందే కట్టించుకున్నరు. తర్వాత కేంద్రీయ విద్యాలయలో బాలవాటిక (అక్కడి నర్సరీ క్లాసులు) టీచర్ల కోసం వాకిన్ ఇంటర్వ్యూ అంటే పోయిన, నోటిఫికేషన్‌లో రెండేళ్లకి తక్కువ కాని, గుర్తింపు ఉన్న సంస్థ డిప్లొమా అని స్పష్టంగా ఉంది, నాది చెల్లలేదు. అందుకే చెప్తున్న, ఎక్కడ చేరినా ఎన్‌సీటీఈ (టీచర్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉత్తర్వు కాపీ చూపించమని అడగండి, ఆ కాలేజీ పేరు, కోర్సు పేరు, సీట్లు అందులో రాసి ఉంటయి. చూపించకుండా "నమ్మకం లేదా మేడమ్" అంటే లేచి వచ్చేయండి.

ఆ కోర్సులో నేర్పింది పనికిరాలేదని మాత్రం అనను, మాంటిస్సోరి సామాను ఎట్ల వాడాలో అక్కడే నేర్చుకున్న, ప్రైవేట్ స్కూళ్లల్ల దానికి విలువ ఉంది. కానీ డిగ్రీ చదవగలిగే అవకాశం ఉన్న పిల్ల డిగ్రీనే చదవాలి.

ఇంకోటి, ఈ పని గురించి. జూన్‌లో స్కూల్ తెరిచినప్పుడు ఒకసారి వచ్చి చూడండి, గేట్ దగ్గర అమ్మని వదల్లేక ఏడ్చే పిల్లలు, ఎత్తుకుంటే ఒకరు ఊరుకుంటరు, ఇంకొకరిని ముట్టుకోవద్దు, దూరం నుంచి బొమ్మ చూపియ్యాలి. ఎవరికి ఏది అనేది తెల్సుకునేదే చదువు. నాలుగేళ్లు నిండకముందే నాలుగు గీతల కాపీలో ఏబీసీడీలు రాయించమని పేరెంట్స్ అడుగుతరు, ఆ వేళ్లల్ల ఇంకా బలం రాదు, ముందు మట్టి పిసకాలి, కాగితాలు చింపాలి, పూసలు గుచ్చాలి. ఇది తల్లిదండ్రులకి అర్థమయ్యేటట్టు చెప్పాలంటే టీచర్‌కి చదువు ఉండాలి, ధైర్యం ఉండాలి. "పిల్లల్ని ఆడించడమే కదా" అని మాట్లాడేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపమొస్తది. జీతం మాత్రం ప్రైవేట్‌ల తక్కువే, అది దాచను.

ఎల్బీనగర్_అక్క
అక్కా ఇదంతా చెల్లికి చదివి వినిపించాను, మట్టి పిసకడం దగ్గర "నేను చెప్పానా" అంది. డీపీఎస్‌ఈ రెండేళ్లు అంటున్నారు కదా, అది చేసి తర్వాత డిగ్రీ చేయొచ్చా? ఐటెప్ ఈ ఏడాది గడువు అయిపోయింది, చూశాను.

డైట్_బ్యాచ్
చేయొచ్చు. మా వాళ్లు చాలామంది డిప్లొమా అయ్యాక ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసిన్రు, పని చేసుకుంటనే. ఒక్కటి చూసుకో, డీపీఎస్‌ఈ ప్రీప్రైమరీకి సరిపోతుంది, రేపు మనసు మారి ఎస్జీటీ రాస్తా అంటే డీఎల్‌ఈడీయే కావాలి. పాత టెట్ నోటిఫికేషన్ ఒకటి తీసి అర్హతల పేజీ చెల్లితోనే చదివించు, వెబ్ ఆప్షన్లు పెట్టేముందు. 2025-26 నుంచి కొన్ని గవర్నమెంట్ స్కూళ్లల్ల ప్రీప్రైమరీ సెక్షన్లు మొదలుపెట్టిన్రు, ఇప్పటికైతే గౌరవ వేతనం మీదనే తీసుకుంటున్నరు, రెగ్యులర్ పోస్టులు వస్తయని ఎవరైనా గ్యారెంటీగా చెప్తే నమ్మకు.

మెల్‌బోర్న్_నుంచి
ఎవరైనా బయట చదవాలనుకుంటే ఒక మాట. ఇక్కడ బ్యాచిలర్ ఆఫ్ ఎర్లీ చైల్డ్‌హుడ్ నాలుగేళ్లు, కోర్సు ఎంచుకునే ముందు ఏసెక్వా అనే సంస్థ ఆమోదించిన లిస్ట్‌లో ఆ యూనివర్సిటీ ఆ కోర్సు ఉందో లేదో చూడాలి, హైదరాబాద్‌లో ఎన్‌సీటీఈ చూసినట్టే. ప్లేస్‌మెంట్‌లో మూడేళ్ల లోపు పిల్లలతో కూడా చేయించి తీరాలి, పసిపిల్లలకి డైపర్ మార్చడం దగ్గర నుంచి అన్నీ టీచర్ పనే, మన దగ్గర దాన్ని ఆయా పని అంటారు కదా, ఇక్కడ అలా విడదీయరు. పిల్లల దగ్గరికి వెళ్లే ముందు వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ పాస్ అవ్వాలి. ఇంగ్లిష్ స్కోర్ కూడా మామూలు కోర్సుల కంటే ఎక్కువ అడుగుతారు, ఏజెంట్ మాట కాకుండా యూనివర్సిటీ పేజీ చూడండి.

సికింద్రాబాద్_పెద్దమ్మ
నేను చాలా ఏళ్లు స్కూల్ నడిపి రిటైర్ అయ్యాను, టీచర్లని ఇంటర్వ్యూ చేశాను, ప్రైవేట్ యూనివర్సిటీల్లో సీట్ల ఇంటర్వ్యూలకి కూడా కూర్చున్నాను. ఎందుకు ఈ చదువు అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది "పిల్లలంటే ఇష్టం మేడమ్" అంటారు. ఇష్టం ఉండాలమ్మా, కానీ ఆ మాటతో నాకేం తెలుస్తుంది? ఒకమ్మాయి మాత్రం వాళ్ల వాడలో అంగన్‌వాడీకి వెళ్లి కూర్చునేదట, ఒక బాబు ఎవరితో మాట్లాడడు కానీ ఉగ్గు గిన్నెలు సైజు ప్రకారం పేరుస్తాడని చెప్పింది. వెంటనే రాసుకున్నాను ఆ అమ్మాయి పేరు. మీ చెల్లిని ఈ సెలవుల్లో దగ్గర్లో ఉన్న అంగన్‌వాడీ టీచర్‌ని అడిగి వెళ్లి కూర్చోమనండి, ఫోన్ బయటికి తీయకుండా, ఫొటోలు తీయకుండా, ఊరికే చూడమనండి. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డ స్కూల్లో ఒక్కసారిగా ఇంగ్లిష్ వింటే నోరు ఎలా మూసుకుపోతుందో, తెలుగులో ఒక పాట ఎత్తుకోగానే ఎలా తెరుచుకుంటుందో తనే చూస్తుంది. అది చూశాక కూడా ఇష్టం నిలిస్తే మీ నాన్నగారితో నేను మాట్లాడతాను కావాలంటే.

ఉప్పల్_నాన్న
సర్టిఫికెట్లు కూడా ఇప్పుడే సర్దుకోండి అమ్మా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి ఆధార్‌లో పూర్తిగా ఉంటే వెరిఫికేషన్‌లో ఆపుతారు, ముందే సరిచేయించాలి. ఆదాయం, కులం మీసేవలో పెట్టేయండి, ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఆదాయ సర్టిఫికెట్ కొత్తది అడుగుతారు. స్కూల్ నుంచి స్టడీ సర్టిఫికెట్లు, లోకల్ కోసం. ఆధార్‌కి ఏ ఫోన్ నంబర్ లింక్ అయి ఉందో చూసుకోండి, ఓటీపీ దానికే వస్తుంది.

ఎల్బీనగర్_అక్క
నాన్న కూడా చదివారు ఇదంతా, సైఫాబాద్ కాలేజీ మాట బాగా నచ్చింది ఆయనకి, ఎంసెట్ రాసింది కాబట్టి నోటిఫికేషన్ రాగానే పెడతాం. చెల్లి డీఈఈసెట్ కూడా రాస్తానంది. పెద్దమ్మగారూ, అంగన్‌వాడీకి వెళ్లాలంటే ఎవరి పర్మిషన్ అయినా కావాలా?

సైఫాబాద్_హాస్టల్
మేం ఫీల్డ్ వర్క్‌కి వెళ్లినప్పుడు కాలేజీ లెటర్ ఉండేది. మీరైతే ముందు టీచర్‌ని కలవండి, తను సూపర్‌వైజర్ మేడమ్‌ని అడిగి చెప్తుంది. పొద్దున పూట వెళ్లండి, భోజనాల టైమ్‌లో వాళ్లకి ఊపిరాడదు.