జపాన్ కంపెనీలు ఒకరి షేర్లు ఒకరు నిజంగానే వదిలేస్తున్నాయా?

నిషికసాయి_శీను: టోక్యోలో ఉన్న మనవాళ్ళకి ఒక డౌట్. మా కంపెనీ ఎంప్లాయీ షేర్ స్కీంలో నెలనెలా జీతంలోంచి కొంత కట్ అవుతుంది, పైన కంపెనీ కూడా కొంచెం కలుపుతుంది. ఈసారి రిపోర్టులో పాత బ్యాంకు షేర్లు, సప్లయర్ల షేర్లు తగ్గించుకుంటున్నాం అని పెద్దగా రాశారు. ఇది మంచికేనా?

యెన్_రాజు: మంచికే అన్నా. 1960ల్లో విదేశీ పెట్టుబడికి తలుపులు తీస్తుంటే బయటోళ్ళు కంపెనీ లాగేసుకుంటారేమో అని బ్యాంకు, ఇన్సూరెన్సు, కస్టమర్ అందరూ ఒకరివి ఒకరు కొనిపెట్టుకున్నారు, ఇంక ఏజీఎంలో (షేర్‌హోల్డర్ల ఏటా మీటింగ్‌లో) నోరెత్తేదెవరు. 2015లో లిస్టెడ్ కంపెనీలు ఎలా నడవాలో చెప్పే గవర్నెన్స్ కోడ్ వచ్చింది, 2018లో దాన్ని మార్చి ఇలాంటి ఒక్కో షేరు ఎందుకు ఉంచుకున్నారో బోర్డు ఏటా చూడాలన్నారు. 2023 మార్చిలో టోక్యో ఎక్స్ఛేంజ్ పీబీఆర్ 1 కింద ఉన్నోళ్ళని, అంటే షేరు ధర కంపెనీ నికర ఆస్తి విలువ కన్నా తక్కువున్నోళ్ళని, దీన్ని ఎలా బాగు చేస్తారో చెప్పండని ప్రత్యేకంగా గట్టిగా అడిగాక అందరికీ చురుకు పుట్టింది.

ఒసాకా_పద్మ: అంత ఈజీ కాదు రాజుగారూ. ఇంతకుముందు నేను ఒక చిన్న పార్టుల కంపెనీ అకౌంట్స్‌లో చేశా. మా పెద్ద కస్టమర్ షేర్లు అమ్ముకుంటాం అని మర్యాదగా అడిగితే వాళ్ళు కాదనలేదు, వచ్చే ఏడాది ఆర్డర్ల సంగతి కూడా ఒకసారి కూర్చుని మాట్లాడదాం అన్నారంతే, మా బుచో (డిపార్ట్‌మెంట్ హెడ్) ఆ ఫైలు మళ్ళీ తెరవలేదు. ఆర్డర్లు తగ్గుతాయని సూచించి అమ్మకం ఆపకూడదని ఆ 2018 కోడ్‌లోనే ఉంది, కానీ ఇలాంటివి కాగితం మీద ఎవరు పెడతారు చెప్పండి?

గుంటూరు_టు_గింజా: పద్మగారు చెప్పింది ఇన్సూరెన్స్‌లో ఇంకా బాగా కనపడుద్ది. కంపెనీ షేర్లు ఎంత పట్టుకుంటే పాలసీల్లో అంత వాటా, అదీ లెక్క. 2023లో నాలుగు పెద్ద నాన్‌లైఫ్ (జీవిత బీమా కాని) ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియం ముందే మాట్లాడుకున్నాయని దొరికిపోయాయి, 2024లో రెగ్యులేటర్ ఈ షేర్లు త్వరగా వదిలించుకోండి అంది.

యెన్_రాజు: ఓటింగ్ సలహాలిచ్చే ఐఎస్ఎస్ కూడా 2022 నుంచి ఇలాంటి షేర్లు నికర ఆస్తిలో 20% దాటితే టాప్ బాస్‌కి వ్యతిరేకంగా ఓటెయ్యమంటోంది, ఫండ్లోళ్ళు వింటారు కదా.

ఒసాకా_పద్మ: దానికీ ఉపాయం ఉందండీ, అమ్మకుండా "ఇది ఇప్పుడు ప్యూర్ ఇన్వెస్ట్‌మెంట్" అని వేరే డబ్బాలో వేసేస్తారు. అందుకే 2025 మార్చి లెక్కల నుంచి అలా మార్చినవి, ఎందుకు మార్చారో చెప్పమన్నారు.

నిషికసాయి_శీను: మరి మా కంపెనీ ఏ రకమో ఎలా తెలుస్తుంది?

గుంటూరు_టు_గింజా: కంపెనీల రిపోర్టులు పెట్టే ప్రభుత్వ సైట్ ఎడినెట్‌లో మీ కంపెనీ యూహో (ఏటా ఇచ్చే పెద్ద రిపోర్టు) తీసి చూడు బ్రో, ఎవరి షేర్లు ఎన్ని ఉన్నాయో పోయినేడాది అంకెతో పక్కపక్కనే ఉంటుంది. అమ్మితే వచ్చిన డబ్బు బైబ్యాక్‌కా (సొంత షేర్లు తిరిగి కొనడానికా), ఫ్యాక్టరీకా, ఊరికే బ్యాంకులో పడుందా అదీ చూడు. పడుంటే నేనైతే పొంగిపోను. ఇంకోటి, జీతం, సేవింగ్స్ రెండూ ఒకే కంపెనీ మీద పెట్టకు, అప్పుడప్పుడు కొంత తీసేస్తుండు.

నిషికసాయి_శీను: యూహో ఇంగ్లీష్‌లో ఉంటుందా?

ఒసాకా_పద్మ: చాలా కంపెనీలవి జపనీస్‌లోనే. 2025 ఏప్రిల్ నుంచి ప్రైమ్ (టోక్యో ఎక్స్ఛేంజ్‌లో పై వరస) కంపెనీలకి ఇంగ్లీష్ తప్పనిసరి చేసింది రిజల్ట్స్‌కి, ముఖ్యమైన ప్రకటనలకి, యూహోకి కాదు. ఆ టేబుల్ ఫోటో తీసి పెట్టండి, నేను చదివి చెప్తా.