నాయనకు యాంజియోగ్రామ్ అంటున్నారు. మణికట్టు నుంచి వైర్ పంపితే మగ్గం నేసే చేతికి ఏమైనా అవుతుందా?

ఎమ్మిగనూరు నేతింటి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది ఎమ్మిగనూరు. నాయనకు 64 ఏళ్ళు. నలభై ఐదేళ్ళుగా మగ్గమే బతుకు, ఇప్పటికీ పొద్దున ఆరు కొట్టేసరికి మగ్గం గుంటలో కూర్చుంటాడు. షుగర్ పన్నెండేళ్ళ నుంచి ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటాడు. బీడీ నాలుగేళ్ళ కింద మానేశాడు.

రెండు నెలలుగా మిద్దె మెట్లు ఎక్కినా, నూలు మూట ఎత్తినా రొమ్ము మీద బండ పెట్టినట్టు ఉంటోందంటున్నాడు. కూర్చుంటే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. గ్యాస్ అనుకొని జీలకర్ర నీళ్ళు, సోడా తాగుతూ మాకు చెప్పనే లేదు. అమ్మ కనిపెట్టి చెప్పింది. కర్నూలుకు తీసుకుపోయాం. ఈసీజీ బాగుంది. ఎకోలో పంపింగ్ 58 శాతం. ట్రెడ్‌మిల్ మీద మాత్రం ఐదో నిమిషానికే నొప్పి వచ్చి ఆపేశారు. సోమవారం యాంజియోగ్రామ్ (గుండె నాళాల్లోకి డై ఎక్కించి ఎక్స్‌రేలో చూసే పరీక్ష), బ్లాక్ ఉంటే అప్పుడే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలి గొట్టం) కూడా వేసేస్తాం, డబ్బు సిద్ధం చేసుకొని రండి అన్నారు.

ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో మాట. మా చిన్నాయన స్నేహితుడు ఒకాయన స్టెంట్ వేసిన ఏడాదికే పోయాడట, అందుకని చిన్నాయన వద్దే వద్దంటున్నాడు. నాయన భయం వేరు. కుడి మణికట్టులో రంధ్రం చేసి గుండె దాకా వైర్ పంపుతారని ఎవరో చెప్పారు. నాడె విసిరేది ఆ చేత్తోనే. "గుండె బాగై చెయ్యి పోతే నేనేం చేయాలమ్మా" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి. యాంజియోగ్రామ్ ఎంతవరకు సేఫ్? ఒకేసారి స్టెంట్‌కు ఒప్పుకోవాలా? టెన్షన్‌తో నాలుగు రోజులుగా నిద్ర లేదు.

అనంతపురం క్యాథ్‌ల్యాబ్:

అమ్మా, నేను డాక్టర్‌ని కాను. బెంగళూరులో, అనంతపురంలో కలిపి పదమూడేళ్ళు క్యాథ్‌ల్యాబ్ (యాంజియోగ్రామ్‌లు, స్టెంట్లు చేసే గది) టెక్నీషియన్‌గా చేశాను. నేను చూసింది చెబుతాను, నిర్ణయం మాత్రం మీ డాక్టర్‌తో మాట్లాడి తీసుకోండి.

ముందు చెయ్యి సంగతి. మణికట్టు దగ్గర మత్తు సూది వేసి రక్తనాళంలోకి సన్నని గొట్టం పెడతారు. లోపలి వెడల్పు దాదాపు 2 మిల్లీమీటర్లు. మత్తు ఆ చోటికే, మనిషి మెలకువగానే ఉంటాడు, మాతో మాట్లాడుతూనే ఉంటాడు. కొందరికి నాళం బిగుసుకొని చెయ్యి లాగినట్టు నొప్పి వస్తుంది, దానికి మందు ఇస్తారు. అయిపోయాక మణికట్టుకు గాలి పట్టీ బిగించి, కొన్ని గంటల్లో మెల్లగా వదులు చేస్తారు. కొంతమందికి ఆ నాళం తర్వాత మూసుకుపోతుంది, అది నిజం. అయినా అరచేతికి రక్తం రెండు నాళాల నుంచి వస్తుంది, చిటికెన వేలి వైపు ఇంకొకటి ఉంది. అందుకే చాలామందికి అది మూసుకుపోయిన సంగతే తెలియదు. నాయన నేతగాడని, కుడిచేత్తో నాడె విసురుతాడని డాక్టర్‌కు ముందే చెప్పు. ఎడమ మణికట్టు నుంచి కూడా చేయవచ్చు. అడిగితే తప్పేమీ కాదు.

ఒకప్పుడు అందరికీ తొడ నుంచే చేసేవాళ్ళం. ఆరేడు గంటలు కాలు కదపకుండా పడుకోవాలి, లోపల రక్తం కారి తొడంతా నల్లబడిన వాళ్ళను చూశాను. మణికట్టు వచ్చాక ఆ బాధ బాగా తగ్గింది. 2015లో మాట్రిక్స్ అనే అధ్యయనం వచ్చింది. గుండెపోటుతోనో, అలాంటి ప్రమాద స్థితిలోనో వచ్చిన 8 వేల మందికి పైగా రోగులను అందులో చూశారు. మణికట్టు నుంచి చేసినవాళ్ళలో రక్తస్రావం తక్కువ, మరణాలూ తక్కువ. కాబట్టి చేతికి భయపడి తొడ నుంచి చేయమని మాత్రం అడగవద్దు.

ప్రమాదం ఎంత అన్నావు. సంతకం పెట్టే కాగితంలో మరణం, గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ దెబ్బ అన్నీ రాసి ఉంటాయి, చదివితే ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. ముందుగా అనుకొని చేసే యాంజియోగ్రామ్‌లో ప్రాణం పోవడం వెయ్యిమందిలో ఒకరికి, లేదా అంతకన్నా తక్కువ. నిలకడగా ఉన్న మనిషికి స్టెంట్ వేయడంలో అంతకన్నా కాస్త ఎక్కువే, అయినా నూటికి ఒకటి లోపే. గుండెపోటు వస్తుండగా తెచ్చినవాళ్ళ లెక్క పూర్తిగా వేరు. బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్ళాక వస్తే, ఎంత త్వరగా స్టెంట్ వేసినా సగానికి సగం మంది దక్కరు. ఊళ్ళో "స్టెంట్ వేస్తే పోయాడు" అని చెప్పుకునే వాటిలో ఇలాంటివే ఎక్కువ. మీ చిన్నాయన స్నేహితుడు ఏ స్థితిలో వెళ్ళాడో, తర్వాత మందులు సరిగా వాడాడో లేదో కనుక్కోండి.

షుగర్ ఉంది కాబట్టి నాకు అసలు పట్టింపు కిడ్నీ. డై అక్కడి నుంచే బయటికి పోవాలి. కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూడకుండా టేబుల్ ఎక్కించవద్దు. మెట్‌ఫార్మిన్ ఎప్పుడు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకో. చాలాచోట్ల ఆ రోజు ఆపి, రెండు రోజుల తర్వాత కిడ్నీ పరీక్ష చూసి మొదలుపెడతారు. నీళ్ళు ఎంత తాగాలో కూడా అడుగు. రొయ్యలు తింటే పడవా అని కొందరు అడుగుతారు, దాని కన్నా ఇదివరకు సీటీ స్కాన్‌లో డై ఇచ్చినప్పుడు దద్దుర్లు వచ్చాయా అన్నది ముఖ్యం.

ఇక ఒకేసారి స్టెంట్. ఈ మాట కొంచెం గట్టిగా చెబుతాను. నాయన టేబుల్ మీద ఉంటాడు, మిమ్మల్ని లోపలికి పిలిచి స్క్రీన్ మీద సన్నబడిన చోటు చూపించి, పది నిమిషాల్లో చెప్పండి అంటారు. ఆ పది నిమిషాల్లో ఏ కూతురూ కాదనలేదు. అప్పుల కోసం ఫోన్లు చేస్తూ వరండాలో ఏడ్చినవాళ్ళను ఎంతమందిని చూశానో. గుండెపోటు అయితే అసలు ఆలోచించకూడదు, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు, స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. మీ నాయనది అది కాదు. నడిస్తే వచ్చి కూర్చుంటే పోయే నొప్పి, పంపింగ్ బాగుంది. ఇలాంటివాళ్ళ మీద ఇస్కీమియా అనే అధ్యయనం జరిగింది. 5,179 మంది, మన దేశం వాళ్ళు కూడా ఉన్నారు, 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. మందులతో మొదలుపెట్టినవాళ్ళకూ, ముందే స్టెంట్ లేదా బైపాస్ (బ్లాకును దాటించి రక్తానికి కొత్త దారి వేసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్ళకూ మరణాల్లో తేడా రాలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం చేయించుకున్నవాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. గుండె ఎడమ భాగానికి రక్తం ఇచ్చే మూల నాళంలో పెద్ద బ్లాక్ ఉన్నవాళ్ళను అందులో చేర్చలేదు, కాబట్టి యాంజియోగ్రామే వద్దని దీనికి అర్థం కాదు. ఆలోచించుకునే సమయం మీకు ఉందని మాత్రం అర్థం.

కాబట్టి ముందే చెప్పండి: "ఇవాళ యాంజియోగ్రామ్ వరకే. మూల నాళం లాంటి ప్రమాదమైనది కనిపిస్తే అప్పటికప్పుడు మాట్లాడదాం." సీడీ అడిగి తీసుకోండి. మూడు నాళాల్లోనూ బ్లాకులుంటే, షుగర్ మనిషికి బైపాస్ మేలని 2012లో ఫ్రీడమ్ అధ్యయనం చూపింది, అందులోని 1,900 మందీ షుగర్ వాళ్ళే. ఒకేసారి మూడు స్టెంట్లు అంటే మాత్రం సర్జన్‌కు చూపించకుండా ఒప్పుకోవద్దు. యాభై, అరవై శాతం బ్లాకుకు, దాన్ని దాటాక రక్తపు ఒత్తిడి ఎంత మిగిలిందో ప్రెజర్ వైర్ పెట్టి కొలిచే పరీక్ష ఉంది, ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. 0.80 కన్నా పైన ఉంటే సాధారణంగా దాన్ని ముట్టుకోరు.

డబ్బు గురించి ఒక మాట. స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ట ధర పెట్టింది, మందు పూత ఉన్నదానికి అప్పుడు 29,600 రూపాయలు. ఆ తర్వాత కొద్దికొద్దిగా మారుతూ వస్తోంది. బిల్లులో స్టెంట్ ధర, కంపెనీ, బ్యాచ్ నంబరు విడిగా రాయాలి. తెల్ల కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ, అదే పాత ఆరోగ్యశ్రీ, వర్తిస్తుందేమో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను సోమవారానికి ముందే అడగండి. ఆ పథకం 2007లో మొదటగా మొదలైన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. అంతకు ముందు పొలం అమ్మి వచ్చినవాళ్ళు మాకు తెలుసు.

నాయనకు ఈ సంగతి చెప్పు. మొట్టమొదట బెలూన్‌తో గుండె నాళం తెరిచింది 1977 సెప్టెంబర్‌లో, జూరిచ్‌లో, గ్రుంట్జిగ్ అనే డాక్టర్. ఆ రోగికి 38 ఏళ్ళు. పదేళ్ళ తర్వాత చూసినా ఆ నాళం తెరుచుకునే ఉంది. వణుకుతూ వచ్చిన పెద్దవాళ్ళకు పట్టీ బిగిస్తూ నేను చెప్పే మాట ఇది.

బనగానపల్లె ఇల్లాలు:

చెల్లీ, అన్న చెప్పినవన్నీ టేబుల్ మీద సంగతులు. మాకు దెబ్బ తగిలింది ఇంటికొచ్చాక.

మా ఆయనకు గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు, బాగా చేశారు, మూడో రోజు నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. నాలుగో నెలలో పన్ను నొప్పి. పన్ను పీకే చోట "రక్తం పలచబడే బిళ్ళలు వారం ఆపి రా" అన్నారు. మేము గుండె డాక్టర్‌ను అడగలేదు. కర్నూలు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఇంత చిన్నదానికి ఎందుకు అనుకున్నాం. రెండు బిళ్ళలూ ఆపాడు. ఆరో రోజు రాత్రి మూడు గంటలకు లేచి కూర్చొని, చెమటలు, నోట మాట రాలేదు. 108 వచ్చింది. కర్నూలు చేరేసరికి తెల్లారింది. స్టెంట్ లోపలే రక్తం గడ్డకట్టింది అన్నారు. మళ్ళీ తెరిచారు, మనిషి దక్కాడు. కానీ పంపింగ్ 55 ఉన్నది 35కు పడిపోయింది. బండల క్వారీలో పని చేసే మనిషి ఇప్పుడు బిందె నీళ్ళు ఎత్తలేడు.

పన్ను పీకినా, కంటి ఆపరేషన్ అయినా, కడుపులో మంట వచ్చినా, ఆ బిళ్ళలు వేసిన డాక్టర్ ఆపమంటే తప్ప ఆపవద్దు. చాలాసార్లు ఆస్పిరిన్ ఆపకుండానే పన్ను పీకవచ్చని నాకు తర్వాత తెలిసింది. ఆ బిళ్ళల చీటీకి జిరాక్స్ తీసి నాయన చొక్కా జేబులో పెట్టమ్మా.

పెన్నా గట్టు, కడప:

ఒక్క జాగ్రత్త కలుపుతాను. సోమవారం లోపల కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, ఇరవై నిమిషాలైనా తగ్గకపోయినా, చెమట పట్టినా సోమవారం దాకా ఆగవద్దు. మా అన్న "రేపు ఎలాగూ పోతున్నాం కదా" అని రాత్రంతా ఓర్చుకున్నాడు. దగ్గరున్న పెద్దాసుపత్రిలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ అయినా పడేది, ఆ సమయం దాటిపోయింది. వెంటనే 108కి చేయండి.

ఎమ్మిగనూరు నేతింటి అమ్మాయి:

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. అక్కా, మీ మాట చదివి అమ్మ ఏడ్చింది. బావగారు నిలకడగా ఉండాలని రోజూ అనుకుంటున్నాం.

సోమవారం పొద్దున డాక్టర్ గారిని కలిసి అన్న చెప్పినట్టే అడిగాను, ఇవాళ యాంజియోగ్రామ్ వరకే అని. కోప్పడతారనుకున్నాను, ఏమీ అనలేదు. నేతపని అని చెబితే "అయితే ఎడమ చెయ్యి చూద్దాం" అన్నారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కుడి వైపు నాళంలో 90 శాతం, ముందు వైపు నాళంలో 60 శాతం. సీడీ తీసుకొని ఇంకో డాక్టర్‌కు చూపించాం. మూల నాళం బాగుంది, మూడో నాళంలో ఏమీ లేదు, తొందర లేదు, మందులతో చూద్దాం అన్నారు. కానీ మందులు వాడుతున్నా వారంలో నొప్పి రెండుసార్లు వచ్చింది. నాయనే "మెట్లు ఎక్కలేని బతుకు వద్దు, వేయించుకుంటా" అన్నాడు. నిన్నగాక మొన్న వేశారు. 90 శాతం దానికి ఒక స్టెంట్. 60 శాతం దాన్ని ప్రెజర్ వైర్‌తో కొలిస్తే 0.87 వచ్చింది, వదిలేశారు. బెలూన్ ఉబ్బించినప్పుడు కాసేపు పాత నొప్పే వచ్చి పోయిందట. క్రియాటినిన్ మళ్ళీ చూశారు, 1.1 ఉంది.

ఎడమ మణికట్టు దగ్గర కమిలింది, వేళ్ళన్నీ బాగానే కదుపుతున్నాడు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రాశారు, ఆరు నెలలు రెండూ ఆపకూడదు, తర్వాత చూసి చెబుతాం అన్నారు. అమ్మ ఆ తేదీని మగ్గం పక్కన గోడ మీద బొగ్గుతో రాసింది. అన్నా, మళ్ళీ గుంటలో ఎప్పుడు కూర్చోవచ్చు? ఇప్పటికే రెండుసార్లు అడిగాడు.

అనంతపురం క్యాథ్‌ల్యాబ్:

చాలా సంతోషం అమ్మా. మణికట్టు మీద వారం రోజులు బరువు పడకూడదు, నూలు మూటలు ఎత్తనివ్వద్దు. వాపు పెరిగినా, చెయ్యి చల్లబడినా, వేళ్ళు తిమ్మిరెక్కినా వెంటనే తీసుకుపో. మగ్గం ఎప్పుడన్నది మొదటి చెకప్‌లో డాక్టర్‌నే అడుగు, కాళ్ళతో తొక్కే పని కూడా ఉంటుందని చెప్పి అడుగు. అప్పటిదాకా పొద్దున, సాయంత్రం వీధి చివరిదాకా నడిపించు. కడుపు మంటకు మందుల షాపులో సొంతంగా ఒమెప్రజోల్ కొనవద్దు, క్లోపిడోగ్రెల్ పని అది తగ్గిస్తుంది. పాంటోప్రజోల్ వాడవచ్చా అని అడుగు. ఆ తేదీ బొగ్గుతో రాస్తే చెరిగిపోతుంది, పెయింట్‌తో రాయించమ్మా.