పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తే రీస్టార్టే రీస్టార్టు: కరెంటా, విండోసా?

లంకలోమనిషి: రాజోలు వైపు ఉంటామండి. ఇంట్లో డెస్క్‌టాప్ ఉంది, ఎనిమిదేళ్ల కిందట అసెంబుల్ చేయించింది, విండోస్ 10. పది రోజుల నుంచి మా అబ్బాయి పొద్దున్న అయిదింటికి చదువుకోడానికి ఆన్ చేస్తే విండోస్ గుర్తు వచ్చి, కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉండగానే టప్‌మని ఆగి మళ్లీ మొదటికొస్తోంది. ఏడెనిమిది సార్లు ఇదే తంతు. తర్వాత ఎందుకో ఒకసారి నిలబడుతుంది. నిలబడిందంటే రాత్రి దాకా ఏ గొడవా లేదు. షాపాయన ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నాడు. వాడి నోట్సన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?

కొబ్బరాకు: ఆలోచించడానికేముందండి, వోల్టేజీ. తెల్లవారుజామున రొయ్యల చెరువుల మీద నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా తిరుగుతుంటాయి. మా ఇంట్లో ఆ టైముకి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు. మీటరు పెట్టి చూశాను, 168. ఉండాల్సింది 230. స్టెబిలైజర్ కొనండి, పోతుంది.

డెల్టాటెక్: వోల్టేజీ అయితే విండోస్ గుర్తు దాకా ఎందుకొస్తుందండీ? అప్‌డేట్ ఏదో సగంలో ఆగిపోయింది, అంతే. గుర్తు రాగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. రెండు మూడుసార్లు అలా ఆపితే రిపేర్ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్‌కి వెళ్లి 9 నొక్కండి. తప్పు జరిగినప్పుడు తనంతట తాను రీస్టార్ట్ అవడం ఆగిపోతుంది, నీలం తెర మీద కోడ్ నిలబడి కనిపిస్తుంది. ఆ కోడ్ ఇక్కడ పెట్టండి. అసలు విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది, ఇంకా అదే వాడుతున్నారా?

గోదారిఅల్లుడు: ఏం చేసినా ఫార్మాట్ మాత్రం కొట్టించకండి బాబూ. మా ఊరి షాపులో అడక్కుండా కొట్టేశాడు. మా అమ్మాయి సీమంతం ఫొటోలు పోయాయి. ఇప్పటికీ మా ఆవిడ ఆ వీధిలోంచి నడవదు.

చెరువుగట్టు: కొబ్బరాకు గారూ, మా చెరువులకి ట్రాన్స్‌ఫార్మర్ వేరండి. మీ ఫ్యానుకీ మా ఏరియేటరుకీ చుట్టరికం కలపకండి.

కొబ్బరాకు: ట్రాన్స్‌ఫార్మర్ వేరైతే? పైనున్న 11 కేవీ లైను ఒకటే కదండీ. ఒక్కో చెరువుకి నాలుగేసి మోటార్లు, అలాంటి చెరువులు మా ఊరి చుట్టూ ఎన్నున్నాయో గట్టెక్కి లెక్కపెట్టండి.

లంకలోమనిషి: డెల్టాటెక్ గారూ, 9 నొక్కానండి. నీలం తెర రాలేదు. టప్‌మని ఆగి మళ్లీ మొదటికే.

డెల్టాటెక్: సరిగ్గా నొక్కి ఉండరు. మళ్లీ చేయండి.

పాతసోల్డరు: ఆయన రాసిన మొదటి ముక్క ఎవరూ చదవలేదు. ఏడెనిమిది సార్లయ్యాక నిలబడి, ఆపైన రాత్రి దాకా ఏ గొడవా లేదన్నారు. చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, వేడెక్కాక దారికొచ్చేది విండోస్ కాదు. తెల్లవారుజామునో, మధ్యాహ్నమో విండోస్‌కి తెలీదు.

ఒక పని చేయండి. రేపు పొద్దున్న ఆన్ చేయగానే డిలీట్ మీట నొక్కుతూ బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లి, ఏమీ ముట్టుకోకుండా అరగంట వదిలేయండి. అక్కడ విండోస్ అనేదే లేదు. అక్కడా రీస్టార్ట్ అయిందంటే డెల్టాటెక్ గారికి సెలవు.

కొబ్బరాకు గారి మీటరు మంచిదే, పెట్టే చోటే తప్పు. గోడ దగ్గర కాదు, సిస్టమ్ నడుస్తుండగా లోపల పసుపు తీగకీ నల్ల తీగకీ మధ్య పెట్టాలి. 12 వోల్టులుండాలి. 11.4 కంటే కిందికి దిగిందంటే ఎస్ఎంపీఎస్, అదే లోపలి భాగాలకి కరెంటిచ్చే డబ్బా, పనైపోయినట్టే. ర్యామ్ కూడా ఒకసారి తీసి, బంగారు రంగు అంచుని రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టండి. మన ఉప్పుగాలికి ఆ పళ్లు పాచి పడతాయి.

కొబ్బరాకు: గోడ దగ్గర 168 ఉంటే లోపల 12 ఎక్కడ నిలబడుతుందండీ? మూలం వదిలేసి కొమ్మలు పట్టుకుంటారు. యూనిట్ రూపాయిన్నరకి కరెంటు వాళ్లకి, ఫుల్ రేటు కట్టే మాకు గుడ్డి దీపం.

చెరువుగట్టు: ఆ రూపాయిన్నర అందరికీ రాలేదని మీకూ తెలుసు. పదెకరాల లోపుండాలన్నారు, చెరువులకని గుర్తించిన ఆక్వా జోన్‌లో ఉండాలన్నారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది, గంటసేపు ఏరియేటర్ ఆగితే పంటంతా తేలిపోతుంది. మీ అబ్బాయికి సిస్టమ్ రాకపోతే పుస్తకం తీసి చదువుకుంటాడు. మా రొయ్య ఏం తీసి చదువుకుంటుంది?

లంకలోమనిషి: అబ్బాయి మావాడండీ, ఆయన అబ్బాయి కాదు.

కొబ్బరాకు: ఎవరబ్బాయైతే ఏంటండీ. వోల్టేజీ గురించి కాదు నా బాధ. నాకు ముప్పాతిక ఎకరం వరిచేను ఉంది. మూడు పక్కలా చెరువులు. ఉప్పు ఊరి నారు ఎర్రబడిపోతోంది, గట్టు పక్క కొబ్బరిచెట్లకి కాయ నిలవడం లేదు. నూతిలో నీళ్లతో టీ పెడితే విరిగిపోతోంది. ఆఖరికి ఎవరో ఒకాయన వచ్చి "చెరువుకి లీజుకిచ్చేయండి, ఎందుకీ తిప్పలు" అంటాడు. తిప్పలు పెట్టిందెవరు?

చెరువుగట్టు: ఇదా అసలు సంగతి. అయితే ఇదీ వినండి. 2011లో కోనసీమలో క్రాప్ హాలిడే అని పొలాలు బీడు పెట్టాం, గుర్తుందా? అందులో నా చేనూ ఉంది. ఎకరానికి పెట్టుబడి తిరిగి రాక, బస్తాలు కళ్లంలోనే మొలకెత్తుతుంటే చూశాను. ఆ మరుసటేడు తవ్వాను చెరువు. సరదాకి కాదు. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చి రెండు పంటలు పోయాయి, ఆ అప్పు ఇంకా ఉంది. వరి నన్ను బతికించి ఉంటే మీ నూతి పక్కన చెరువెందుకు తవ్వుతాను?

కొబ్బరాకు: నేనూ ఆ ఏడు బీడు పెట్టాను. నేను తవ్వలేదు.

గోదారిఅల్లుడు: పాపం కంప్యూటరు.

లంకలోమనిషి: ఆయ్, బయోస్‌లో పెట్టి కూర్చున్నామండి. రెండో నిమిషం నిండకుండానే పోయింది. మళ్లీ పెట్టాం, అయిదు నిమిషాలుంది. ఏడోసారి అరగంటా ఉండిపోయింది.

డెల్టాటెక్: బయోస్ అప్‌డేట్ చేస్తే సరిపోతుంది.

పాతసోల్డరు: వద్దు! అప్‌డేట్ మధ్యలో రీస్టార్ట్ అయితే బోర్డే పోతుంది. ఎస్ఎంపీఎస్ ఒక్కటే ఎవరిదైనా అడిగి తెచ్చి పెట్టి చూడండి. పాతదాన్ని మాత్రం విప్పకండి. లోపల కరెంటు దాచుకునే పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కొంతసేపు ఛార్జ్ అలాగే ఉండిపోతుంది. ఫ్యాను జాలీలోంచి టార్చి వేసి చూడండి చాలు. కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి.

లంకలోమనిషి: పక్కింటి వాళ్ల ఎస్ఎంపీఎస్ పెట్టామండి. మూడు రోజులుగా మొదటిసారికే వస్తోంది. పాతదాంట్లో టార్చి వేస్తే లోపల మూడు కెపాసిటర్లు పూరీల్లా పొంగి, ఒకదాని నెత్తి చిట్లి గోధుమరంగు జిగురు కారి ఉంది.

కొబ్బరాకు: ఎందుకు పొంగాయో కూడా అడగండి. వోల్టేజీ తగ్గితే ఆ డబ్బా కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది.

పాతసోల్డరు: అదీ నిజమే. కానీ ఎనిమిదేళ్ల చవక ఎస్ఎంపీఎస్‌ చావడానికి ఎవరి చెరువూ అక్కర్లేదు.

చెరువుగట్టు: కొబ్బరాకు గారూ, మీ మీటరు పట్టుకుని ఒకరోజు తెల్లవారుజామున మా గట్టు మీదికి రండి. మోటార్లు ఆపి ఒకసారి, వేసి ఒకసారి చూద్దాం. టీ మా ఇంట్లో.

కొబ్బరాకు: ఏ నీళ్లతో పెడతారు?

చెరువుగట్టు: టిన్ను నీళ్లేనండి. మా నుయ్యీ పోయింది.

లంకలోమనిషి: నోట్సన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేశాం. కొత్త ఎస్ఎంపీఎస్ చెప్పాం, రేపొస్తుంది. పాతది యాభై రూపాయలకి ఇమ్మంటున్నాడు షాపాయన, ఇచ్చేయొచ్చా?