అమ్మ గుర్తుగా పచ్చబొట్టు: ఏ కాంజీ వేయించుకోవాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా అమ్మ పోయి వచ్చే నెలకు ఏడాది. అమ్మ గుర్తుగా ముంజేతి లోపలివైపు జపనీస్‌లో చిన్న పచ్చబొట్టు వేయించుకుందామని ఉంది. తెలుగులో వేయించుకోవచ్చు కదా అని ఇంట్లో అంటున్నారు. ఎదురుపడ్డ ప్రతివాళ్లూ చదివి అడగడం నాకు ఇష్టం లేదు. ఫోన్‌లో "అమ్మ ప్రేమ" అని కొడితే మూడు అక్షరాలు వచ్చాయి, "ధైర్యం" అంటే రెండు వచ్చాయి. టాటూ షాపులో అడిగితే, ఏ నుంచి జెడ్ దాకా జపనీస్ అక్షరాల చార్టు ఉంది, అమ్మ పేరే రాసేస్తాను అంటున్నాడు. ఏది సరైనదో జపనీస్ వచ్చినవాళ్లు చెప్పండి. టెన్షన్‌గా ఉంది, ఒకసారి వేయించుకున్నాక మళ్లీ తీయించుకునేది కాదు కదా.

జవాబు: తమ్ముడూ, వేయించుకునే ముందే అడిగావు, చాలా మంచి పని చేశావు. ముందు ఆ చార్టు సంగతి. దాన్ని నమ్మొద్దు. కాంజీ అంటే చైనా నుంచి జపనీస్‌లోకి వచ్చిన అక్షరాలు, అది అక్షరమాల కాదు. ఒక్కో కాంజీకి ఒక అర్థం ఉంటుంది, చాలావాటికి రెండు మూడు ఉచ్చారణలు ఉంటాయి. ఏ, బీ, సీలకు సరిపోయే కాంజీలంటూ ఎక్కడా లేవు. అలాంటి చార్టులు టాటూ షాపుల్లో ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్నాయి. వాటిలో ఉన్నవాటిలో కొన్ని పూర్తి అక్షరాలు కూడా కావు, వేరే అక్షరాల్లోంచి తెగ్గోసిన ముక్కలు. వాటితో రాసిన పేరు జపాన్‌లో, చైనాలో ఎవరూ చదవలేరు. పరాయి పేర్లను జపనీస్‌లో కతకనా అనే వేరే లిపిలో, పలికే తీరుగా రాస్తారు. లక్ష్మి అనే పేరైతే "రకుషుమీ" అవుతుంది. వాళ్లకు ల, ర తేడా లేదు, మన ఒత్తులు లేవు. అమ్మ పేరే కావాలంటే కతకనా సరైన దారి, కానీ చూడ్డానికి నువ్వు అనుకున్న కాంజీలా ఉండదు. నాలుగైదు పలుచటి గీతల అక్షరాలు వరసగా ఉంటాయి.

ఇక ఫోన్ ఇచ్చినవి. "అమ్మ ప్రేమ"కు వచ్చిన మూడు అక్షరాలు "హహ నో అయ్" అయి ఉంటాయి. హహ అంటే అమ్మ, అయ్ అంటే ప్రేమ. నడుమ ఉన్న "నో" కాంజీ కాదు, హిరగనా లిపిలో రాసే విభక్తి. మాట సహజమైనదే, తప్పు లేదు. కొందరు చూడ్డానికి బాగుంటుందని ఆ "నో" తీసేసి రెండు కాంజీలే వేయించుకుంటారు. అప్పుడది జపనీస్ కాదు, చైనీస్ మాటలా అయిపోతుంది. ఇంకో సంగతి ఉంది. "హహ నో అయ్" అంటే అమ్మకు బిడ్డ మీద ఉన్న ప్రేమ. నీకు అమ్మ మీద ఉన్న ప్రేమ అని ఎవరూ అనుకోరు. నీ మనసులో ఏది ఉందో చూసుకో.

అయ్ అక్షరాన్ని దగ్గరగా చూడు. జపనీస్ రూపంలో నడిమధ్యన "మనసు" అనే చిన్న అక్షరం ఉంటుంది. ఇప్పుడు చైనాలో వాడే సరళ రూపంలో ఆ మనసు లేదు, కింద "స్నేహితుడు" అనే అక్షరం ఉంటుంది. నెట్‌లో దొరికిన బొమ్మను షాపుకు తీసుకెళ్తే ఏ దేశపు రూపం చేతి మీదికి ఎక్కుతుందో తెలియదు. ఇదే అక్షరాన్ని పదహారో శతాబ్దం చివరి సమురాయ్ నవోఎ కనెత్సుగు తన శిరస్త్రాణం మీద పెద్దగా పెట్టుకున్నాడు. జపాన్‌లోని యోనెజవా ఊళ్లో ఉన్న ఆ శిరస్త్రాణం ఫోటో చూసి, యోధుడు ప్రేమ అని రాసుకున్నాడని చాలామంది మురిసిపోతారు. అది ప్రేమ గురించి కాదు, తాను కొలిచే దేవుడి పేరులోని మొదటి అక్షరం అయి ఉండాలని అక్కడివాళ్లు చెప్పే వివరణ. ఆ దేవుడు అయ్‌జెన్ మ్యోఓ అని ఒక మాట. సంస్కృతంలో ఆయనే రాగరాజు. కాంజీ ఒంటరిగా నిలబడితే చదివేవాడి మనసులోకి ఏ అర్థం ముందు వస్తుందో నిఘంటువు చెప్పదు, అందుకే ఇదంతా చెబుతున్నాను.

ధైర్యానికి వచ్చిన "యూకి" సరైన మాటే. రెండో అక్షరం "కి" విషయంలో మాత్రం జాగ్రత్త. జపనీస్ రూపంలో లోపల అడ్డంగా ఒకదాన్నొకటి కోసుకునే రెండు గీతలుంటాయి. పాత రూపంలో అదే చోట "బియ్యం" అక్షరం ఉంటుంది. చైనా సరళ రూపంలో అక్కడ ఏమీ ఉండదు.

నన్నడిగితే మాత్రం ఈ రెండూ కాకుండా "ఒన్" చూడమంటాను. మనం తల్లి రుణం అంటామే, దానికి జపనీస్‌లో అంత దగ్గరగా వచ్చే మాట నాకు ఇంకొకటి తెలియదు. ఒకరి వల్ల పొందిన మేలు, తీర్చుకోవాల్సిన మేలు, ఎంత తీర్చినా మిగిలిపోయే మేలు. తండ్రి ఒన్ కొండకంటే ఎత్తు, తల్లి ఒన్ సముద్రం కంటే లోతు అని వాళ్ల సామెత. అక్షరం ఒక్కటే, పది గీతలు, ఒంటరిగా రాసినా చదివే జపాన్‌వాడికి అర్థం స్పష్టంగా అందుతుంది. పైన ఒక గడి, గడిలో "పెద్ద" అనే అక్షరం, అంటే చేతులు చాచి నిలబడ్డ మనిషిలాంటి రూపం. కింద "మనసు". పై భాగాన్ని విడిగా రాస్తే కారణం, హేతువు అని అర్థం. మనసులో నిలిచిన కారణం అని కొందరు అందంగా వివరిస్తారు కానీ, ఆ పై భాగం అక్కడ ఉన్నది ఉచ్చారణ కోసం. ఆ వివరణ నమ్మకుండానే ఆ మాట గొప్పది.

ఇందులో చూసుకోవాల్సింది ఆ గడి లోపలే ఉంది. లోపలి మనిషి రూపానికి కాళ్లు విడివిడిగా కనిపించాలి. సూది పనివాడు కాళ్లను కలిపేసి నిలువు గీతలా చేశాడంటే అక్కడ పొలం అనే అక్షరం తయారవుతుంది. మొత్తం కలిపితే ఒన్ కాస్తా "ఒమోఉ", అంటే అనుకోవడం అయిపోతుంది. అక్షరం మరీ చిన్నదైతే ఇవాళ సరిగ్గా ఉన్నది కొన్నేళ్లకు సిరా పాకి అలా మారవచ్చు. కనీసం రెండు అంగుళాలు ఉండేలా చూసుకో.

ఒక్క "హహ" చాలనిపిస్తే అదీ బాగుంటుంది. అయిదే గీతలు. లోపల రెండు చుక్కలు ఉంటాయి, ఆ రెండూ విడిగా ఉండాలి. వాటిని కలిపి ఒకే గీతగా లాగితే "వద్దు, చేయకు" అనే పాత నిషేధ పదం అవుతుంది. అమ్మ పోయిన బాధలో వేయించుకున్న గుర్తు మీద అలాంటి పొరపాటు జరగకూడదు.

మరో సభ్యురాలు: అక్కా, ఒక సందేహం. బౌద్ధం మన దగ్గర్నుంచే వెళ్లింది కదా, ధర్మం, ప్రజ్ఞ లాంటి మాటలు జపనీస్‌లో ఉన్నాయంటారు. వాటిలో ఒకటి వేయించుకుంటే మనకీ దగ్గరగా ఉంటుందేమో?

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ఉన్నాయి, కానీ అక్కడికి వెళ్లి వాటి బతుకు అవి బతికాయి. ప్రజ్ఞను చైనాలో ధ్వని ప్రకారం రాశారు, జపాన్‌లో దాన్నే "హన్యా" అని చదువుతారు. హృదయ సూత్రం అనే బౌద్ధ గ్రంథం పేరులో ఉన్నది ఈ మాటే. కానీ పచ్చబొట్టుగా హన్యా అనగానే జపాన్‌వాళ్లకు కనిపించేది "నో" అనే వాళ్ల సంప్రదాయ నాటకాల్లో కొమ్ములతో, కోరలతో ఉండే ముసుగు, అసూయతో రాక్షసిగా మారిన స్త్రీ. యాకుజాల, అంటే జపాన్ ముఠా నేరగాళ్ల వీపుల మీద కూడా ఆ ముసుగే ఉంటుంది. ప్రజ్ఞ అని మనసులో అనుకుని వేయించుకున్నవాళ్ల చేతి మీద చూసేవాళ్లకు ఆ రాక్షసి కనిపిస్తుంది. జ్ఞానమే కావాలంటే "చిఎ" అనే మాట ఉంది. దాన్ని రాసే రెండు పద్ధతుల్లో ఒకటి లోకజ్ఞానానికి, పాతది బౌద్ధంలోని జ్ఞానానికి. పాతది అడగాలి.

ధర్మానికి "హో" అని ఒక్క కాంజీ. బౌద్ధ గ్రంథం మధ్యలో ఉంటే ధర్మమే. చేతి మీద ఒంటరిగా ఉంటే "చట్టం" అని చదువుతారు, లాయరేమో అనుకుంటారు. "బుప్పో" అని రెండు అక్షరాలు రాస్తే బుద్ధుడి ధర్మం అని తెలుస్తుంది.

మన నేలతో నిజంగా ముడిపడ్డది కావాలంటే నాకు ఒకటి చాలా ఇష్టం. "ర్యూజు". ర్యూ అంటే డ్రాగన్, జు అంటే చెట్టు. ఇది ఆచార్య నాగార్జునుడి పేరు. నాగకు డ్రాగన్ అక్షరం పెట్టారు, అర్జున వృక్షం లెక్కన చెట్టు పెట్టారు. కృష్ణా తీరంలో నాగార్జునకొండ పేరుకు కారణమైన ఆయన్ని జపాన్‌లో ఎనిమిది బౌద్ధ శాఖలకు ఆదిగురువని చెప్పుకుంటారు. కాకపోతే ర్యూను పాత రూపంలో రాస్తే రెండూ చెరో పదహారు గీతలు, వెడల్పు చోటు కావాలి.

కాంజీయే కావాలన్న పట్టు లేకపోతే "బొంజి" ఉంది. అది సిద్ధం లిపి. మన తెలుగు లిపిలాగే బ్రాహ్మీ నుంచి వచ్చిందే. 806లో కూకై అనే భిక్షువు చైనా నుంచి తిరిగొస్తూ తెచ్చిన గ్రంథాల్లో ఆ లిపి గ్రంథాలు ఉన్నాయి. ఇండియాలో ఎప్పుడో వాడుక పోయింది కానీ షింగోన్ అనే జపాన్ బౌద్ధ శాఖ గుళ్లలో ఇప్పటికీ బీజాక్షరాలు దాంట్లోనే రాస్తారు. అ అనే ఒక్క అక్షరాన్ని ఎదురుగా పెట్టుకుని చేసే ధ్యానం కూడా వాళ్లకు ఉంది. జపనీస్ పిల్లలు నేర్చుకునే వరస అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆ తర్వాత క, స, త, న. ఎక్కడో విన్నట్టుంది కదా? ఆ వరస సిద్ధం చదువు నుంచి వచ్చిందే. బొంజి వేయించుకుంటే అది దేవతా బీజమని గుర్తుంచుకోవాలి. నడుము కింద వేయించుకోకూడదని నా అభిప్రాయం, జపాన్‌లోనూ చాలామంది అదే చెబుతారు.

ప్రశ్న అడిగినవారు: అక్కా, ఒన్ అనే అక్షరం నాకు బాగా నచ్చింది. తీర్చలేనిది అన్నారు చూడండి, అదే నా మనసులో ఉన్నది. ఇప్పుడు దీన్ని కాపీ చేసి ప్రింట్ తీసుకెళ్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు తమ్ముడూ. కంప్యూటర్‌లో ఒకే సంకేతం కింద జపాన్, చైనా రూపాలు రెండూ ఉంటాయి. ఏ ఫాంట్ ఉంటే ఆ దేశపు ఆకారం కనిపిస్తుంది. "నిజాయితీ" అనే అర్థంలో వేయించుకునే "నవో" అక్షరాన్ని రెండు ఫాంట్లలో పక్కపక్కన పెట్టి చూడు, ఎడమవైపు కింది మూల ఎంత తేడాగా ఉందో తెలుస్తుంది. ఒన్ విషయంలో అంత ప్రమాదం లేదు. అయినా ప్రింట్ అక్షరం చర్మం మీద పత్రికలోంచి కత్తిరించి అంటించినట్టు ఉంటుంది. కుంచెతో రాసినది కావాలి. ఒక్కో గీత ఎక్కడ ఆగాలో, ఎక్కడ కొక్కెంలా పైకి లేవాలో, ఎక్కడ తోకలా సన్నగా జారిపోవాలో నియమం ఉంటుంది. ఆపడం "తొమె", లేపడం "హనె", జార్చడం "హరయ్" అంటారు. ఒన్ కింద ఉన్న మనసు అక్షరంలో పొడుగు గీత చివర లోపలికి హనె తప్పనిసరి. తెలియని చేయి దాన్ని మొద్దుగా ఆపేస్తుంది. కైషో శైలిలో అడుగు, అంటే విడివిడిగా నిలబడే అక్షరం. కలిపి రాసే సోషో అందంగా ఉన్నా, షాపతను చూసి దింపలేడు.

చోటు చాల్లేదనో నొప్పి అనో మధ్యలో ఏదీ మార్చొద్దు. 2019లో పాప్ గాయని అరియానా గ్రాండే తన పాట పేరు "ఏడు ఉంగరాలు" అని అరచేతి మీద జపనీస్‌లో వేయించుకుంది. అయిదు అక్షరాలు కావాలి. నొప్పి తట్టుకోలేక నడిమి మూడూ వదిలేసి మొదటిదీ చివరిదీ మాత్రం వేయించుకుంది. ఆ రెండూ కలిస్తే "షిచిరిన్", బొగ్గుల కుంపటి. తర్వాత సరిచేద్దామని "వేలు" అక్షరం చేర్పించింది, అది కింద పడటంతో కుంపటి కుంపటిగానే మిగిలింది. డబ్బు, మనుషులు అన్నీ ఉన్న ఆమెకే అలా అయింది.

జపాన్ వెళ్లే ఆలోచన ఉంటే ఇంకొక మాట. ఎడో అనే పాత పాలనా కాలంలో నేరస్తులకు శిక్షగా పచ్చబొట్టు పొడిచేవారు, తర్వాత యాకుజాల గుర్తయింది. ఇప్పటికీ చాలా ఒన్సెన్ (వేడినీటి ఊటల) స్నానశాలల్లో పచ్చబొట్టు ఉంటే రానివ్వరు. చిన్నదైతే పట్టీ వేసి కప్పుకుంటే కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. నీది ముంజేతి మీదే కాబట్టి ఇబ్బంది తక్కువే.

ఒన్ కుంచెతో రాయించి నీకు పంపిస్తాను, నాకు షోదో, అంటే కుంచెరాత నేర్పిన జపాన్ ఆవిడ చేతిరాత బాగుంటుంది. షాపులో స్టెన్సిల్ అంటించగానే, సూది పెట్టకముందే, అద్దంలో కాకుండా నేరుగా ఫోటో తీసి ఇక్కడ పెట్టు. స్టెన్సిల్ తిరగబడి అంటుకోవడం కూడా జరుగుతుంటుంది. గడిలో కాళ్లు విడిగా ఉన్నాయా, కింద హనె ఉందా అని నేనూ చూస్తాను, గ్రూపులో జపాన్‌లో ఉంటున్న ఇంకో ఇద్దరు ముగ్గురినీ చూడమంటాను. మేం సరే అనేదాకా షాపతన్ని ఆగమను.