జేపెగ్ ఫొటో తిప్పాలంటే, ఎటు తిప్పి చూపాలో ఫైల్‌లో చెప్పే ట్యాగ్ మారిస్తే చాలా, పిక్సెళ్లే తిప్పాలా?

చీకటిగది: ఫోల్డర్ నిండా 4000×3000 జేపెగ్‌లు అడ్డంగా పడున్నాయి. ఎడిటర్‌లో తిప్పి సేవ్ చేస్తే క్వాలిటీ పోతుందా?

నిలువుగీత: పోతుంది. ఎడిటర్ ఫొటోను విప్పి, తిప్పి, మళ్లీ కంప్రెస్ చేస్తుంది. జేపెగ్‌ట్రాన్ అనే ప్రోగ్రాం వాడండి. జేపెగ్ ఫొటోను 8×8 పిక్సెళ్ల బ్లాకులుగా దాస్తుంది, ఇది వాటిని పిక్సెళ్లుగా విప్పదు. బ్లాకుల చోటు మార్చి, లోపలి డీసీటీ అంకెల్ని (పిక్సెళ్లకు బదులు జేపెగ్ దాచే అంకెల్ని) అడ్డం నిలువు చేసి, కొన్నిటికి ప్లస్ మైనస్ తిరగేస్తుంది, అంతే. కొత్తగా రౌండింగ్ లేదు, నష్టం సున్నా.

మూలప్రతి: సున్నానా? 4:2:0 రకం ఫొటోలో కలర్ అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గి ఉంటుంది కాబట్టి కదిలే ముక్క 16×16. 3000ని 16తో భాగించండి, 187న్నర. ఆ అర ముక్క ఏమవుతుందో చెప్పండి.

నిలువుగీత: కుడికి 90 తిప్పితేనే ఆ గొడవ. కింది అంచు ఎడమకు రావాలి, అర ముక్క ఎడమ అంచున ఉండటం జేపెగ్‌లో కుదరదు. ఎడమకు తిప్పితే కుడి అంచు పైకెళ్తుంది. 4000 అంటే సరిగ్గా 250 ముక్కలు, ఒక్క పిక్సెలూ పోదు.

మూలప్రతి: అంటే ఫొటో ఎటు తిరగాలో పదహారో ఎక్కం చెబుతుందన్నమాట! కుడికి తిరగాల్సినవాటి సంగతేంటి? జేపెగ్‌ట్రాన్‌లో ట్రిమ్ (అర ముక్కను కోసేసే ఆప్షన్) పెడితే 8 వరసలు గల్లంతై 2992×4000 మిగులుతుంది. పెట్టకపోతే కుడి అంచున సరిగ్గా తిరగని పట్టీ. ఎగ్జిఫ్ (ఫొటో ఫైల్‌లో ఉండే వివరాలు) మార్చే ఎగ్జిఫ్‌టూల్‌తో ఓరియంటేషన్ ట్యాగ్‌లో 6, అంటే కుడికి 90 తిప్పి చూపు, అని రాయండి, బొమ్మ డేటాలో ఒక్క బైటు కదలదు.

బైట్‌బాబు: జేపెగ్‌ట్రాన్‌కి పర్‌ఫెక్ట్ ఆప్షన్ పెడితే, కుదరని ఫొటో దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ముందు అది పెట్టి చూడండి.

నిలువుగీత: ట్యాగ్ పట్టించుకోని ప్రోగ్రాములు బోలెడు. పైథాన్‌లో ఫొటోల లైబ్రరీ పిల్లో దానంతటది తిప్పదు, అందులోని ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్ ఫంక్షన్‌ని మనమే పిలవాలి. ఆల్బమ్ అడ్డంగా అచ్చయ్యాక మీ బైట్లు చూపించి సర్దిచెప్తారా?

మూలప్రతి: క్రోమ్ బ్రౌజర్ 81 నుంచి, అంటే 2020 నుంచి, ట్యాగ్ చదువుతోంది. మీరింకా వెనకే ఉన్నారు. పైగా మీ పద్ధతిలో కాపీ ఆల్ ఆప్షన్ పెట్టకపోతే ఎగ్జిఫ్ పోతుంది, పెడితే పాత 6 మిగిలిపోయి ఫొటో రెండుసార్లు తిరుగుతుంది.

నిలువుగీత: అది పని సగంలో వదిలేసినవాళ్ల తప్పండీ. తిప్పాక ట్యాగ్ 1 (తిప్పక్కర్లేదు) చెయ్యాలి, ఫైల్‌లోని చిన్న నమూనా బొమ్మ, థంబ్‌నెయిల్ కూడా తిప్పాలి. జేహెడ్ అనే ప్రోగ్రాంలోని ఆటోరాట్ ఆప్షన్ ఇవన్నీ చేసిపెడుతుంది.

మూలప్రతి: ఆ ఆటోరాటే లోపల ట్రిమ్ పెట్టి జేపెగ్‌ట్రాన్‌ని పిలుస్తుంది! అడక్కుండా కోసేస్తుంది. అదీ అసలు ఫైల్ మీదే. ఆ 8 వరసలు మళ్లీ ఎవరిస్తారు? నేను మొత్తుకునేది దాచుకునే ఫైల్ గురించి.

నిలువుగీత: ఆ ముక్క ముందే అనొచ్చుగా! నేను చెప్పేది బయటికిచ్చే కాపీ గురించి. దాచుకునేదానికి ట్యాగే మేలు.

చీకటిగది: కొన్ని ఒకటిన్నర డిగ్రీ వంకరగా కూడా ఉన్నాయి.

నిలువుగీత: వాటికి నష్టం లేని దారి లేదు. ప్రతి పిక్సెల్‌నీ చుట్టుపక్కలవాటి నుంచి లెక్కగట్టాలి. ఆ లెక్క పద్ధతుల్లో బైక్యూబిక్‌తో కాస్త మసకబారుతుంది, లాంజోస్‌తో గట్టి అంచుల పక్కన నీడలు పడొచ్చు. ఒక డిగ్రీ తిప్పి, చాల్లేదని ఇంకో అర తిప్పొద్దు. కోణం ముందే తేల్చుకుని, నిలువు చెయ్యడం, వంకర తీయడం, సైజు తగ్గించడం అన్నీ ఒరిజినల్ మీద ఒకే దెబ్బకి కానిచ్చి, ఒక్కసారే సేవ్ చెయ్యండి.

మూలప్రతి: వేరే పేరుతో.