మేనేజర్ ధైర్యం, గ్రూపు పూచీ

గాజువాక వాసి:
డ్వాక్రా గ్రూపులో చోటు దొరకని ఆడవాళ్లు మా వీధిలో చాలామందే ఉన్నారు. అద్దె ఇళ్లు, కూలి పనులు. పేదలకు తాకట్టు లేకుండా చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ బ్రాంచి ఒకటి వాళ్లకు అప్పులిస్తోంది, ఇంకో బ్రాంచి అద్దెకుండేవాళ్లకు ఇవ్వనంటోంది. ఇద్దరికీ ఆర్‌బీఐ నిబంధనలు ఒకటే. తేడా మేనేజర్ దగ్గరే. రిస్క్ తీసుకునేవాడుంటేనే పేదల దాకా అప్పు చేరుతుందని నా వాదన. కాదంటారా?

మాజీ ఫీల్డ్ ఆఫీసర్:
సగం ఒప్పుకుంటాను. మా మేనేజర్ గారొకరు ఇడ్లీ బండామెకు అప్పివ్వాలంటే పొద్దున్నే బండి దగ్గరికే వెళ్లేవారు. పిండి ఎంత తెచ్చింది, ఎన్నింటికి అయిపోయింది, అరువు ఎవరికి పెట్టింది, అన్నీ చూసేవారు. సొంతిల్లు లేకపోయినా సంతకం పెట్టేసేవారు. చూసేవాళ్లకు అది రిస్క్, ఆయనకు లెక్క. తర్వాత వచ్చినాయన కూడా అంతే దూకుడుగా ఇచ్చారు గానీ బండి మొహం చూడలేదు. గడువు దాటిన బాకీలు (ఓవర్‌డ్యూ) ఎలా పెరిగాయో వేరే చెప్పాలా?

లెక్కల మాస్టారు:
దూకుడు సంగతి 2010లోనే చూశాం. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థల అప్పులు, ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కిస్తీ కట్టడం. ఆత్మహత్యల వార్తలొచ్చాక అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, వారం కిస్తీలను నెలకు మార్చింది. వసూళ్లు కుప్పకూలాయి. అప్పటిదాకా ఖాతాలు లెక్కపెట్టి ఇంతమందికి చేరామని చెప్పుకున్నారు. ఒకే మనిషిని మూడుసార్లు లెక్కపెడితే చేరినట్టా?

గాజువాక వాసి:
అది పైవాళ్ల తప్పు కదండీ, బ్రాంచి మేనేజర్‌ది కాదు. పైగా ఇప్పుడు ఎవరికెన్ని అప్పులున్నాయో చెప్పే క్రెడిట్ బ్యూరో రికార్డు చూస్తున్నారు. అప్పుల కిస్తీలన్నీ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదని 2022లో ఆర్‌బీఐ చెప్పింది.

పెదజాలారిపేట:
ఆ ఆదాయం ఎవరు రాస్తారు బాబూ? మమ్మల్నే అడిగి రాసుకుంటారు. ఫిబ్రవరిలో అడిగితే ఒక లెక్క వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, మరబోటు కదలదు. కిస్తీ తేదీ కూడా కదలదు. మేనేజర్ రిస్క్ అంటున్నారు, ఆయనకేం పోతుంది? మహా అయితే అప్పులిచ్చినందుకు వచ్చే ఇన్సెంటివ్. మా గ్రూపులో ఐదుగురం ఒకరికొకరం పూచీ, నేను కట్టకపోతే మిగతా నలుగురి మీద పడుతుంది. మొన్న వేసవిలో పక్కింటామె కమ్మలు తాకట్టు పెట్టి నా వాయిదా కట్టింది. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

మాజీ ఫీల్డ్ ఆఫీసర్:
అమ్మ చెప్పింది నిజం. నిషేధం తేదీలు ముందే తెలిసినవి కాబట్టి పని తెలిసిన మేనేజర్ అప్పు చిన్నది చేసి ఇవ్వగలడు. కిస్తీల పట్టిక మాత్రం చాలాచోట్ల హెడ్డాఫీసు సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, బ్రాంచిలో ముట్టుకోలేరు. తెలివి ఇక్కడ, అధికారం అక్కడ.

లెక్కల మాస్టారు:
అయితే ఇన్సెంటివ్ కొత్త అప్పుల మీద కాకుండా, రెండేళ్ల తర్వాత కూడా ఇంకో చోట అప్పు చేయకుండా నిలబడ్డ సభ్యుల మీద ఇవ్వమనండి. ధైర్యవంతులు ఎంతమంది మిగులుతారో చూద్దాం.

గాజువాక వాసి:
అలా పెడితే మా వీధికి ఒక్కడూ రాడు మాస్టారూ. మళ్లీ డైలీ ఫైనాన్స్ వాడే గతి.