‘ఎవ్రీ అదర్ డే’లో ‘అదర్’ అంటే రెండవదేనా?

పాలకొల్లులో తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ‘దాళ్వా చేలకు రోజు విడిచి రోజు వంతు నీరు వదులుతారు’ అన్న వాక్యానికి ‘ఎవ్రీ అదర్ డే’ అని రాయించాను. ‘అదర్ అంటే ఇంకొకటి కదా మాస్టారూ, ఇలా ఎలా అయింది?’ అని ఒక అమ్మాయి నిలదీసింది. మంచి ప్రశ్నే.

నిఘంటువులు తిరగేశాను. ‘ఫస్ట్’, ‘థర్డ్’ పాత ఇంగ్లీషు మాటలే. ‘సెకండ్’ మాత్రం ‘వెంట వచ్చేది’ అనే అర్థమున్న లాటిన్ ‘సెకుండుస్’ నుంచి ఫ్రెంచి మీదుగా దిగిన చుట్టం. అంతకుముందు రెండవదాన్నీ ‘అదర్’ అనే అనేవారు. పదబంధం సంగతి మాత్రం అక్కడ దొరకలేదు.

‘ఎవ్రీ అదర్ డే’లోని ‘అదర్’ ఆ పాత ‘రెండవ’ అర్థానికి మిగిలిన ఆనవాలేనా?